గర్భవిచ్ఛిత్తిని నిషేధిస్తే కాన్పు గదిలో ఏం మారుతుంది?

గర్భవిచ్ఛిత్తి నిషేధం గురించి ఎక్కడ వాదన మొదలైనా ఒక మాట తప్పకుండా వినబడుతుంది: "బిడ్డ వద్దనుకునేవాళ్ళకు కదా ఆ చట్టం! కావాలనుకుని కడుపుతో ఉన్నవాళ్ళకు దాంతో ఏం పని?" ఈ ప్రశ్న వెనక ఒక నమ్మకం ఉంది. ఆసుపత్రిలో అబార్షన్ ఒక గదిలో, కాన్పు ఇంకో గదిలో జరుగుతాయనీ, మొదటి గదికి తాళం వేసినా రెండో గది ఎప్పటిలాగే నడుస్తుందనీ. ప్రసూతి వైద్యంలో అలాంటి రెండు గదులు లేవు. మందులు అవే, పరికరాలు అవే, వాటిని పట్టుకునే చేతులూ అవే. టెక్సస్ నిషేధం తమ ప్రాణాల మీదికి తెచ్చిందని 2023లో కోర్టుకెక్కిన స్త్రీలంతా బిడ్డ కావాలని కోరుకున్నవాళ్ళే.

2022 జూన్ 24న అమెరికా సుప్రీంకోర్టు డాబ్స్ కేసులో తీర్పిస్తూ, గర్భవిచ్ఛిత్తిని హక్కుగా గుర్తించిన 1973 నాటి రో వర్సెస్ వేడ్ తీర్పును కొట్టేసింది. గర్భవిచ్ఛిత్తి రాజ్యాంగం ఇచ్చిన హక్కు కాదనీ, దాని సంగతి ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే చూసుకోవాలనీ చెప్పింది. డజనుకు పైగా రాష్ట్రాలు దాదాపు పూర్తి నిషేధాన్ని అమల్లోకి తెచ్చాయి. టెక్సస్ అంతకంటే ముందే, 2021 సెప్టెంబరు 1 నుంచే, పిండం గుండె కదలిక తెలిశాక, అంటే సుమారు ఆరు వారాల తర్వాత, గర్భం తీయడాన్ని ఆపేసింది. ఆ తర్వాత ఏమైందన్నది ఇప్పుడు ఆసుపత్రి రికార్డుల్లో ఉంది. ఐర్లండు, పోలండు, రొమేనియాల అనుభవం అంతకు ముందే ఉంది.

ఉమ్మనీరు ముందే పోతే

పద్దెనిమిదో వారంలో ఉమ్మనీరు పోయిందనుకుందాం. బిడ్డ బయట బతకాలంటే, గొప్ప ఆసుపత్రిలోనైనా, సాధారణంగా సుమారు 22 వారాలన్నా నిండాలి. అప్పటిదాకా లోపలే ఉన్నా, నీరు లేనిచోట బిడ్డ ఊపిరితిత్తులు సరిగా ఎదగవు. మరోపక్క, గర్భసంచిని ఇన్నాళ్ళూ కాపాడిన పొర చిరిగిపోవడంతో కింది నుంచి సూక్ష్మజీవులు లోపలికి చేరడానికి దారి దొరికింది. ఇన్ఫెక్షన్ గర్భసంచిలో మొదలై రక్తంలోకి పాకితే సెప్సిస్. అది ముదరడానికి రోజులు అక్కర్లేదు, గంటలు చాలు. బీపీ పడిపోతుంది, మూత్రపిండాలు మొరాయిస్తాయి. ప్రాణం దక్కినా గర్భసంచి తీసేయాల్సి రావచ్చు, అంటే ఇంకో బిడ్డను కనే ఆశ కూడా పోతుంది.

ఇలాంటప్పుడు డాక్టరు తల్లికి రెండు దారులు చెబుతారు. ఇన్ఫెక్షన్ లక్షణాల కోసం కనిపెట్టుకుని ఉంటూ కొన్నాళ్ళు వేచి చూడటం ఒకటి. ఇన్ఫెక్షన్ రాకముందే నొప్పులు తెప్పించో, చిన్న ఆపరేషన్ చేసో గర్భం ఖాళీ చేయడం రెండోది. ఏది కావాలో ఆమె చెబుతుంది. నిషేధం ఉన్నచోట ఈ రెండో దారికి అడ్డం పడేది పిండం గుండె చప్పుడు. ఉమ్మనీరు పోయినంత మాత్రాన ఆ గుండె ఆగదు, రోజుల తరబడి కొట్టుకుంటూనే ఉంటుంది. ఈలోగా అందరూ ఎదురుచూసేది రెండింట్లో ఒకదాని కోసం: ఆ గుండె ఆగిపోవడం, లేదా తల్లికి జ్వరం రావడం.

ఈ ఎదురుచూపు ఖరీదెంతో డాలస్‌లోని రెండు పెద్ద ఆసుపత్రుల డాక్టర్లు లెక్కగట్టారు. టెక్సస్ చట్టం వచ్చాక 22 వారాల్లోపు ఇలాంటి తీవ్ర సమస్యతో వచ్చిన 28 మంది కేసులను పరిశీలించి 2022లో ప్రచురించారు. ప్రాణానికి ముప్పు అని తేల్చి వైద్యం మొదలుపెట్టేసరికి సగటున తొమ్మిది రోజులు పట్టింది. వాళ్ళలో 57 శాతం మంది తీవ్రమైన అనారోగ్యం పాలయ్యారు. ఇలాంటి చట్టం లేని రాష్ట్రాల్లో, ఇదే పరిస్థితిలో వెంటనే గర్భం తీయించుకున్నవాళ్ళలో అది 33 శాతం. తల్లులు ఇంత మూల్యం చెల్లించినందుకు బిడ్డలైనా దక్కారా అంటే, దాదాపు ఎవరూ దక్కలేదు. 28 మంది చిన్న లెక్కే, ఒప్పుకోవాలి. అయితే ప్రోపబ్లికా అనే వార్తాసంస్థ టెక్సస్ ఆసుపత్రులన్నిటి రికార్డులు తిరగేసి 2025లో వెల్లడించిన సంగతి కూడా అటే చూపిస్తుంది. నాలుగో నెల నుంచి ఆరో నెల మధ్య గర్భం పోయి ఆసుపత్రిలో చేరినవాళ్ళలో సెప్సిస్ రేటు నిషేధం తర్వాత 50 శాతానికి పైగా పెరిగింది.

సవితా హలప్పనవర్ పేరు చాలామందికి గుర్తుండే ఉంటుంది. కర్ణాటక నుంచి వెళ్ళి ఐర్లండులో స్థిరపడిన దంతవైద్యురాలు, వయసు 31. 2012 అక్టోబరు 21న పదిహేడో వారంలో నడుంనొప్పితో గాల్వే ఆసుపత్రికి వెళ్ళింది. గర్భం నిలవదని తేల్చారు, ఉమ్మనీరూ పోయింది. గర్భం తీసేయమని ఆమె అడిగితే, పిండం గుండె కొట్టుకుంటున్నంతసేపు కుదరదన్నారు. 28న సెప్సిస్‌తో చనిపోయింది. ఇది చట్టం తప్పు కాదు, ఆసుపత్రి నిర్లక్ష్యం అని ఇప్పటికీ వాదించేవాళ్ళున్నారు. ఆ వాదనలో సగం నిజం ఉంది. ఆమెను సరిగా గమనించలేదనీ, ఇన్ఫెక్షన్ ఆనవాళ్ళను సమయానికి పట్టుకోలేదనీ విచారణ నివేదిక తప్పుబట్టింది. పిండం గుండె ఆగేదాకా చెయ్యి పెట్టకూడదన్న ఆలోచనే డాక్టర్లను నడిపించిందని కూడా అదే నివేదిక చెప్పింది. నిర్లక్ష్యం ఎక్కడైనా జరుగుతుంది. కానీ ఆమె అడిగిన రోజే గర్భం తీసేసి ఉంటే, ఆ తర్వాతి నిర్లక్ష్యానికి చోటే ఉండేది కాదు. 2018 మే 25న ఐర్లండు ప్రజలు 66 శాతం ఓట్లతో రాజ్యాంగంలోని ఆ నిషేధాన్ని తీసేశారు. అటు పోలండులో 2020 అక్టోబరులో రాజ్యాంగ ట్రిబ్యునల్ చట్టాన్ని మరింత బిగించింది. మరుసటి సెప్టెంబరులో పష్చినా అనే ఊళ్ళో 30 ఏళ్ళ గర్భిణి, ఇరవై రెండో వారంలో, అచ్చం ఇలాగే ఉమ్మనీరు పోయాక సెప్సిస్‌తో చనిపోయింది.

మళ్ళీ అమెరికాకు వస్తే, లూసియానా రాష్ట్రంలో ఇంకో వింత బయటపడింది. ఫిజీషియన్స్ ఫర్ హ్యూమన్ రైట్స్, మరికొన్ని సంస్థలు కలిసి 2024లో తెచ్చిన నివేదిక ప్రకారం, బిడ్డ బతికే అవకాశం లేని దశలో కూడా కొందరికి సిజేరియన్ చేశారు. మామూలు పద్ధతిలో గర్భం తీస్తే అబార్షన్ అంటారేమోనన్న భయంతో, పెద్ద ఆపరేషన్ చేసి కాన్పు అనిపించుకున్నారన్నమాట. ఇంత తొందరగా చేసే సిజేరియన్‌లో గర్భసంచి పైభాగాన్ని నిలువునా కోయాల్సి వస్తుంటుంది. ఆ కోత తర్వాతి కాన్పులో విచ్చుకుపోయే ప్రమాదం మామూలు అడ్డకోత కంటే చాలా ఎక్కువ. అంటే నష్టం ఈ గర్భంతో ఆగదు, తర్వాతి గర్భానికీ అంటుకుంటుంది. గర్భస్రావం అయ్యే అవకాశం ఎక్కువగా ఉండే మొదటి మూడు నెలల్లో గర్భిణులను చూడటానికే కొన్నిచోట్ల జంకుతున్నారనీ, తొలి పరీక్షను పన్నెండు వారాల తర్వాతకు నెట్టేస్తున్నారనీ ఆ నివేదికే చెబుతోంది. నన్నడిగితే, మరణాల కంటే ఎక్కువ మందిని తాకేది ఇదే. బీపీ, షుగరు, థైరాయిడ్, ట్యూబులో గర్భం, అన్నీ పట్టుకోవాల్సింది ఆ మూడు నెలల్లోనే మరి.

"ప్రాణాపాయం" అంటే ఎంత అపాయం?

నిషేధించిన ప్రతి రాష్ట్రమూ తల్లి ప్రాణం కాపాడటానికి మినహాయింపు ఇచ్చింది. కాగితం మీద చూస్తే అభ్యంతరం చెప్పడానికేమీ లేదు. చిక్కంతా అమలులో ఉంది. ప్రాణాపాయం అన్నది ఒక క్షణంలో దాటే గీత కాదు. ఈ పూట బాగానే ఉన్న మనిషి రాత్రికి ఐసీయూలో ఉండొచ్చు. డాక్టరు నేర్చుకున్నదల్లా ఆ రాత్రి రాకుండా చూడటం. చట్టం అడిగేది అపాయం వచ్చిందనడానికి రుజువు. రుజువు దొరికేసరికి, నివారించే వేళ దాటిపోతుంది.

పైగా తప్పు లెక్కగడితే శిక్ష చిన్నదేం కాదు. టెక్సస్‌లో 99 ఏళ్ళ దాకా జైలు, కనీసం లక్ష డాలర్ల జరిమానా, లైసెన్సు రద్దు. ఆపరేషన్ చేయక రోగి చనిపోతే వచ్చేది నష్టపరిహారం కేసు, దానికి బీమా ఉంటుంది. చేస్తే రాగలది క్రిమినల్ కేసు, దానికి బీమా ఉండదు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఆసుపత్రి లాయర్లు ఏ సలహా ఇస్తారో చెప్పనక్కర్లేదు. 2023 డిసెంబరులో టెక్సస్‌లో ఇద్దరు పిల్లల తల్లి ఒకామె, కడుపులో బిడ్డకు ట్రైసోమీ 18 అనే ప్రాణాంతక లోపం ఉందనీ, తనకు ఇప్పటికే రెండు సిజేరియన్లు అయ్యాయనీ, గర్భం కొనసాగితే మళ్ళీ పిల్లల్ని కనలేకపోవచ్చనీ కోర్టుకు వెళ్ళింది. కింది కోర్టు ఒప్పుకుంది. రాష్ట్ర సుప్రీంకోర్టు, ఆమె డాక్టరు చెప్పింది చాలదంటూ కాదంది. ఆ తీర్పు వచ్చేలోగానే ఆమె వేరే రాష్ట్రానికి వెళ్ళిపోయింది. వెళ్ళగలిగింది కాబట్టి వెళ్ళింది. ఒంట్లోంచి రక్తం పోతున్న మనిషి విమానం ఎక్కలేదు.

నిజానికి కొందరిని విమానం ఎక్కించారు కూడా. ప్రాణం మీదికి వచ్చిన రోగి ఎవరైనా అత్యవసర విభాగానికి వస్తే పరిస్థితి కుదుటపడేలా వైద్యం చేసి తీరాలని 1986 నాటి ఎంటాలా అనే ఫెడరల్ చట్టం ఆసుపత్రులకు చెబుతుంది. ఐడహో నిషేధం దీనికి అడ్డొచ్చిందని కేంద్ర ప్రభుత్వం కోర్టుకు వెళ్ళింది. 2024 జనవరి నుంచి కొన్ని నెలల పాటు ఐడహో చట్టమే పూర్తిగా అమలు కావచ్చని సుప్రీంకోర్టు అనుమతించింది. ఆ రాష్ట్రంలో అతిపెద్ద ఆసుపత్రి వ్యవస్థ సెయింట్ ల్యూక్స్, అంతకు ముందు ఏడాది మొత్తంలో ఒక్క గర్భిణిని హెలికాప్టర్‌లోనో విమానంలోనో బయటి రాష్ట్రానికి పంపితే, ఆ కొద్ది నెలల్లోనే ఆరుగురిని పంపింది. అసలు ప్రశ్నను తేల్చకుండానే జూన్‌లో సుప్రీంకోర్టు కేసును కింది కోర్టుకు తిప్పి పంపింది.

టెక్సస్ శాసనసభ 2025లో చట్టాన్ని సవరించింది. అపాయం కళ్ళముందు కనబడేదాకా డాక్టరు ఆగనక్కర్లేదని స్పష్టం చేసింది. మంచిదే, నిషేధాన్ని సమర్థించేవాళ్ళే సవరణ అవసరమని ఒప్పుకున్నారన్నమాట. శిక్షలు మాత్రం అలాగే ఉన్నాయి.

తాళం పడిన మాత్ర

మిసోప్రోస్టాల్ అనే మాత్ర మొదట కడుపులో పుండ్ల కోసం వచ్చింది. గర్భసంచిని ముడుచుకునేలా చేస్తుంది కాబట్టి ప్రసూతి వైద్యంలో అది చేయని పని లేదు. గర్భస్రావం సగంలో ఆగిపోతే మిగిలింది బయటికి రావడానికి, నెలలు నిండినా నొప్పులు రానివాళ్ళకు నొప్పులు తెప్పించడానికి, కాన్పయ్యాక రక్తం ఆగకపోతే ఆపడానికి, అన్నిటికీ అదే. ప్రపంచవ్యాప్తంగా తల్లుల మరణాలకు అతిపెద్ద కారణం ఆ చివరిది, కాన్పు తర్వాతి రక్తస్రావం. మిఫెప్రిస్టోన్‌తో కలిపి ఇస్తే గర్భవిచ్ఛిత్తికీ పనికొస్తుంది. ఈ ఒక్క కారణంతో లూసియానా 2024 అక్టోబరు 1 నుంచి ఆ రెండు మందులనూ మత్తుమందుల తరహాలో నియంత్రిత పదార్థాల జాబితాలో చేర్చింది. కాన్పు గదిలో చేతికందేలా ఉండే అత్యవసర బండి మీంచి మిసోప్రోస్టాల్ తాళం వేసిన బీరువాలోకి వెళ్ళింది. రక్తం ధారకట్టినప్పుడు నర్సు పరుగెత్తి, తాళం తీసి, నమోదు చేసి తీసుకురావాలి.

ట్యూబులో వచ్చే గర్భం సంగతి మరీ విచిత్రం. నూటికి ఒకటి రెండు గర్భాలు గర్భసంచిలో కాకుండా ఎక్కువగా ట్యూబులో నిలుస్తాయి. అవి బిడ్డగా మారే ప్రశ్నే లేదు. ట్యూబు పగిలితే లోపలి రక్తస్రావంతో తల్లి పోతుంది. నిషేధ చట్టాల్లో చాలావరకు వీటిని మినహాయించాయి. అయినా వీటికి వాడే మెథోట్రెక్సేట్ ఇవ్వడానికి 2022లో కొన్ని ఫార్మసీలు వెనకాడాయి. కీళ్ళవాతానికి అదే మందు వాడే స్త్రీలను కూడా ప్రశ్నలడిగాయి. 2019లో ఒహాయోలో కొందరు శాసనసభ్యులైతే, ట్యూబులో పిండాన్ని తీసి గర్భసంచిలో నాటే ప్రయత్నం గురించి బిల్లులో రాశారు. అలాంటి వైద్యం లోకంలో ఎక్కడా లేదు.

డాక్టర్లు ఊరు విడిస్తే

ఐడహోలో శాండ్‌పాయింట్ అనే చిన్న పట్టణంలోని బానర్ జనరల్ ఆసుపత్రి 2023 మార్చిలో తన ప్రసూతి విభాగాన్ని మూసేస్తున్నట్టు ప్రకటించింది. డాక్టర్లు వెళ్ళిపోతున్నారనీ, వైద్యాన్ని నేరం చేసే చట్టాలు వస్తున్నాయనీ ప్రకటనలోనే రాసింది. పిల్లల డాక్టర్లు చాలడం లేదన్నదీ, కాన్పుల సంఖ్య తగ్గిందన్నదీ కూడా ఆ ప్రకటనలో ఉన్నాయి. పల్లెల్లో ప్రసూతి విభాగాలు మూతపడటం డాబ్స్‌కు ముందు నుంచీ ఉన్న జబ్బే, మొత్తం పాపం చట్టం మీద వేయడం న్యాయం కాదు. కానీ ఐడహోలో 2022 ఆగస్టు నుంచి 2024 చివరి దాకా కాన్పులు చేసే డాక్టర్లలో మూడింట ఒక వంతు తగ్గిపోయారంటే, పాత జబ్బు ఒక్కటే కారణమని అనుకోలేం. వెళ్ళిపోయిన డాక్టరు అబార్షన్లు మాత్రమే చేసేవాడు కాదు. వందలాది మామూలు కాన్పులు, కష్టమైన కాన్పులు, గర్భసంచి క్యాన్సరు పరీక్షలు, అన్నీ ఆ మనిషితోపాటు వెళ్ళిపోతాయి. చదువు ముగించి ప్రసూతి శాస్త్రంలో శిక్షణకు వచ్చేవాళ్ళు కూడా నిషేధ రాష్ట్రాలకు దరఖాస్తు చేయడం తగ్గించారు.

అంకెలు ఎందుకు తికమకపెడతాయి

నిషేధాన్ని సమర్థించేవాళ్ళు ఒక గట్టి ప్రశ్న వేస్తారు. ఇంత ప్రమాదమే ఉంటే అమెరికాలో తల్లుల మరణాలు పెరగాలి కదా, తగ్గాయేం? తగ్గిన మాట నిజమే. లక్ష కాన్పులకు 2021లో 32.9, 2022లో 22.3, 2023లో 18.6. కానీ 2021 కోవిడ్ ఏడాది, గర్భిణులు ఆ జబ్బుకు బాగా బలయ్యారు. కోవిడ్ తగ్గగానే లెక్క దిగింది. దేశం మొత్తంలో 2023లో చనిపోయిన తల్లులు 669 మంది. అందులో నిషేధ రాష్ట్రాల వాటా, అందులోనూ నిషేధం వల్లనే పోయినవాళ్ళు అంటూ విడదీస్తే మిగిలేది గణాంకాల్లో ఊగిసలాడే చిన్న సంఖ్య. మరణాల లెక్క ఒక్కటే చూస్తే ఏ పక్షమైనా తనకు కావలసింది చూపించుకోవచ్చు. అదే దేశంలో ఏటా సుమారు 50 వేల మంది కాన్పుకు సంబంధించిన తీవ్ర సమస్యలతో చావు అంచుదాకా వెళ్ళి వస్తారు. సెప్సిస్, గర్భసంచి పోవడం, లీటర్ల కొద్దీ రక్తం ఎక్కించడం కనబడేది ఈ లెక్కలోనే.

చిలీ, పోలండు ఉదాహరణలు కూడా తెస్తుంటారు. చిలీ 1989లో గర్భవిచ్ఛిత్తిని పూర్తిగా నిషేధించింది, తల్లుల మరణాలు మాత్రం తగ్గుతూ వచ్చాయి. పోలండులో ఆ రేటు ప్రపంచంలోనే అతి తక్కువల్లో ఒకటి. ఇవీ నిజమే. ఆడపిల్లల చదువు, ఆసుపత్రి కాన్పులు, రక్తనిధులు, యాంటీబయాటిక్స్ ఉన్నచోట మరణాలు తగ్గుతాయి, చట్టం ఏదైనా సరే. పోలండు స్త్రీలకు పక్కదేశాల సరిహద్దు దగ్గరే ఉంది, పోస్టులో మాత్రలూ వస్తాయి. అంటే నిషేధం ఉన్నా, దాన్ని తప్పించుకునే దారులు ఉన్నంతవరకు ప్రాణాలు నిలుస్తాయి. అమెరికాలో కూడా నిషేధం తర్వాత మొత్తం గర్భవిచ్ఛిత్తుల సంఖ్య తగ్గలేదు, 2023లో పది లక్షలు దాటింది. ప్రయాణాలు పెరిగాయి, ఫోన్‌లో డాక్టరును సంప్రదించి మాత్రలు తెప్పించుకోవడం పెరిగింది.

దారులన్నీ మూస్తే ఏమవుతుందో రొమేనియా చూపించింది. 1966లో చౌషెస్కు ప్రభుత్వం 770వ డిక్రీతో గర్భవిచ్ఛిత్తిని దాదాపు నిషేధించింది, గర్భనిరోధకాలు దొరక్కుండా చేసింది. మరుసటి ఏడాది జననాలు రెట్టింపుకు దగ్గరగా వెళ్ళాయి, తర్వాత మళ్ళీ పడిపోయాయి. చాటుమాటు పద్ధతులు మాత్రం నిలిచిపోయాయి. 1989 నాటికి లక్ష కాన్పులకు సుమారు 160 మంది తల్లులు చనిపోతున్నారు, అందులో ఎక్కువ మంది నాటు అబార్షన్ల వల్ల పోయినవాళ్ళే. ఆ డిసెంబరులో ప్రభుత్వం కూలగానే డిక్రీ రద్దయింది. ఒక్క ఏడాదిలో మరణాల రేటు దాదాపు సగానికి దిగింది. ఒక్క ఏడాదిలో దేశంలో ఆసుపత్రులేమీ మారిపోలేదు, మారింది చట్టం. దక్షిణాఫ్రికాలో 1996 చట్టం తర్వాత గర్భవిచ్ఛిత్తి మరణాలు కొద్ది ఏళ్ళలోనే 91 శాతం తగ్గాయి.

బిడ్డల వైపు చూస్తే అమెరికా అంకెల్లో సందిగ్ధం అంతగా లేదు. టెక్సస్‌లో 2021 నుంచి 2022కు శిశుమరణాలు 12.9 శాతం పెరిగితే మిగతా దేశంలో 1.8 శాతం పెరిగాయి. పుట్టుకతో వచ్చే లోపాల వల్ల చనిపోయిన శిశువులు టెక్సస్‌లో 22.9 శాతం పెరిగారు, మిగతాచోట్ల తగ్గారు. బతకడని స్కానింగ్‌లోనే తెలిసిన బిడ్డను తొమ్మిది నెలలు మోసి, కని, పూడ్చిపెట్టిన తల్లులు ఈ అంకెల్లో ఉన్నారు. వాళ్ళలో ప్రతి ఒక్కరూ నెలలు నిండిన గర్భంలో ఉండే ప్రమాదాలన్నీ మోశారు. అమెరికాలో 1998 నుంచి 2005 దాకా లెక్క తీస్తే, చట్టబద్ధమైన గర్భవిచ్ఛిత్తి కంటే కాన్పులో తల్లి చనిపోయే అవకాశం సుమారు 14 రెట్లు ఎక్కువగా తేలింది. నల్లజాతి స్త్రీలకు ఆ ప్రమాదం ఇంకా పెద్దది. 2023లో వాళ్ళలో లక్ష కాన్పులకు 50.3 మరణాలుంటే, తెల్లజాతి స్త్రీలలో 14.5.

ఇక ఒక్కో మరణం ఎందుకు జరిగిందో విప్పి చెప్పగలిగేవి రాష్ట్రాల మాతృమరణ సమీక్షా కమిటీలు. డాక్టర్లు, నర్సులు కూర్చుని కేసు ఫైలు చదివి, ఇది నివారించగలిగేదా కాదా అని తేలుస్తారు. జార్జియా కమిటీ, 2022 ఆగస్టులో చనిపోయిన 28 ఏళ్ళ యువతిది నివారించగలిగే మరణమేనని తేల్చింది. గర్భంలో మిగిలిపోయినదాన్ని తీసే చిన్న ఆపరేషన్ కోసం ఆమె ఆసుపత్రిలో సుమారు 20 గంటలు ఎదురుచూసింది. ఆ సంగతి పత్రికలకెక్కాక, రహస్యం బయటికి పొక్కిందంటూ రాష్ట్రం 2024 నవంబరులో కమిటీ సభ్యులందరినీ తొలగించి కొత్తవాళ్ళను వేస్తానంది. ఐడహో 2023లో తన కమిటీ గడువు ముగిసిపోనిచ్చి, మరుసటి ఏడాది మళ్ళీ పెట్టుకుంది. టెక్సస్ కమిటీ 2022, 2023 మరణాల సమీక్షను వదిలేసి నేరుగా 2024కు వెళ్ళాలని నిర్ణయించింది. తాజా సమాచారం త్వరగా అందించడం కోసమన్నది వాళ్ళు చెప్పిన కారణం. నిషేధం పూర్తిగా అమల్లోకి వచ్చిన తొలి రెండేళ్ళు అవే కాబట్టి, ఆ కాలంలో టెక్సస్ తల్లులకు ఏమైందో తెలుసుకోవాలంటే ఇకమీదట పరిశోధకులు ఆసుపత్రి డిశ్చార్జి రికార్డులు, మరణ ధ్రువపత్రాలు, కోర్టు ఫైళ్ళ మీదే ఆధారపడాలి.